పాపిడి కొండల దారిలో

మా అత్తయ్యగారికి ఎనభై దాటాయి. ఇప్పటికీ తల దువ్వేటప్పుడు పాపిడి తిన్నగా రాకపోతే వూరుకోరు. "పాపిడంటే గోదారిలా వుండాలే అమ్మాయ్. అటొక కొండ, ఇటొక కొండ, మధ్యన తెల్లగా ఒక్క గీత" అంటారు. "మీ గోదారి అక్కడ నానా వంకర్లూ తిరుగుతుంది కదండీ" అంటే, "నీ చెయ్యి వంకర దానికి అంటగట్టకు" అని దువ్వెన లాక్కుంటారు.

పాపికొండలకి ఆ పేరు పాపిడి నుంచే వచ్చిందని గోదావరి జిల్లాల్లో ఆడవాళ్ళందరూ చెప్పేదే. ఇంగ్లీషువాళ్ళకి మాత్రం పాపిళ్ళూ, జడలూ తెలియవు గదా, అడవిదున్నలు కనిపించాయి కాబోలు, బైసన్ కొండలని రాసుకున్నారు. ఎవరి కంటికి ఏది ఆనితే అదే పేరు.

మా అత్తయ్యగారి బాల్యమంతా దేవీపట్నంలో గడిచింది. ఆవిడ నాన్నగారు అక్కడ బళ్ళో పంతులుగారు. పదహారో ఏట పెళ్ళై కోనసీమ వచ్చేశారు. కిందటి కార్తీకంలో ఒకరోజు వున్నట్టుండి, "ఒక్కసారి మా వూరు చూపించరా" అని మావారిని అడిగారు. ఆయన నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. ఆ వూరు ఇప్పుడెలా వుందో మా ఇద్దరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు. తెలిసే అడిగారు.

పాపికొండలంటే అందరూ లాంచీ ఎక్కుతారు. 1973లో 'అందాల రాముడు' వచ్చాక మన ఇళ్ళల్లో ఆ లాంచీ ప్రయాణం కోసం అలకలు కూడా సాగాయి, జ్ఞాపకం వుందా? అయితే 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తర్వాత మావారికి నీళ్ళంటే బెదురు. అత్తయ్యగారి కారణం వేరు. "లాంచీలోంచి చూస్తే కొండలు కనిపిస్తాయి గానీ వూళ్ళు కనిపించవురా. రోడ్డు మీద పోదాం" అన్నారు. పులిహోరా, పెరుగన్నం, ఫ్లాస్కులో కాఫీ సర్దుకుని, తెల్లవారుజామునే రాజమండ్రిలో బయల్దేరాం.

గోదావరి గట్టు దాటుతుంటే ఆవిడ కాటన్ దొరకి దణ్ణం పెట్టారు. మా వైపు పెద్దవాళ్ళకది అలవాటు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. మా కోనసీమ పొలం పండేదీ, మేం తినేదీ ఆ నీళ్ళ చలవే. కానీ ఆయనకి తీరని కోరిక ఇంకొకటి వుండేది. ఈ గోదావరి మీదుగానే నడిదేశం నుంచి పడవల్లో సరుకులు సముద్రం దాకా తేవాలని. భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్టా, లాకులూ కట్టారు. నది మధ్య రాతి అడ్డంకులు దాటించడానికి ఏళ్ళతరబడి డబ్బు పోశారు. రైళ్ళు వచ్చేశాయి, ఖర్చు పెరిగింది, చివరికి 1871లో చేతులెత్తేశారు. అంచేత ఈ కొండల నడుమ గోదావరి చాలాకాలం తన మానాన తాను పారింది. ఒకందుకు మంచిదే అయింది.

గోకవరం దాటాక అడవి మొదలవుతుంది. ఆ తర్వాత రంపచోడవరం. 'రంప' అన్న మాట వినగానే మనకి అల్లూరి సీతారామరాజు గుర్తొస్తాడు. న్యాయమే. కానీ రంప కథ అంతకు చాలా ముందే మొదలైంది. అందులో మొదట కనిపించేది ఒక ఆడపిల్ల అంటే నమ్ముతారా?

రంపసీమకి మన్సబుదారని ఒక పెద్ద వుండేవాడు. ఆయన కింద ముఠాదార్లు, ఒక్కొక్కరికీ కొన్ని వూళ్ళు. 1835లో మన్సబుదారు రామభూపతి పోయాడు. ఆయనకొక కూతురు, పెళ్ళికాని సంబంధం వల్ల ఒక కొడుకు. ముఠాదార్లు కూతుర్నే గద్దె మీద కూర్చోబెట్టారు. తను పెళ్ళి చేసుకోననీ, ఆస్తి తర్వాత తమ్ముడికే ఇస్తాననీ ఆమె మాట ఇచ్చింది. కొన్నాళ్ళకి నడవడి మీద పుకార్లు పుట్టాయి. అక్కనీ తమ్ముణ్ణీ కలిపి కొండల మీంచి తరిమేశారు. 1848లో సర్కారు దొరలు తమ్ముణ్ణి తీసుకొచ్చి గద్దె మీద కూర్చోబెట్టారు. అక్క ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు. జిల్లా చరిత్రలో ఆమె 'కూతురు' అనే వుంది.

నేనీ కథ చెబుతుంటే అత్తయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "పుకారు ఎవడు పుట్టించాడో రాయలేదు కదూ?" అన్నారు. రాయలేదు మరి.

ఆ తమ్ముడి పాలన ఎలాంటిదంటే, చెట్టుకి చిగురు పన్ను వేశాడు. కల్లు గీసుకున్నందుకు పన్ను. మనం "కల్లే కదా" అనుకుంటాం. కానీ కొండల మీద ఎండాకాలంలో గింజలు అయిపోతే, కొత్త పంట చేతికొచ్చేదాకా జీలుగు కల్లు కడుపుకి ఆధారం. దాని మీద పన్నంటే మన ఇంట్లో గంజి మీద పన్ను వేసినట్టే. పైగా సర్కారు కొత్త చట్టం తెచ్చి కల్లు హక్కుల్ని కాంట్రాక్టర్లకి వేలం వేసింది. ఇంటి అవసరానికి గీసుకోవడం కూడా తప్పయింది. మైదానం నుంచి వచ్చిన వర్తకులు అప్పులిచ్చి, దూరపు కోర్టుల్లో డిక్రీలు తెచ్చుకుని, గొడ్డూగోదా తోలుకుపోయేవాళ్ళు. ఏ కాగితంలో ఏం రాసుందో కొండవాళ్ళకి చదివి చెప్పే నాథుడు లేడు.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో పోలీసుల మీద దాడులతో తిరుగుబాటు మొదలైంది. అంబుల్ రెడ్డి, కారం తమ్మన్నదొర లాంటివాళ్ళు ముందు నడిచారు. అటు గోదావరి పైనున్న రేకపల్లి సీమకీ పాకింది. అక్కడ ఇంటికెన్ని గొడ్డళ్ళుంటే అంత అని పోడు పన్ను కట్టేవాళ్ళు. మద్రాసు పాలనలోకి వచ్చాక ఆ పన్ను పెరిగింది. సైన్యం దిగింది. మరుసటి సంవత్సరానికల్లా అణిచేశారు. మన్సబుదార్ని గద్దె దింపేశారు. పన్ను వేసినవాడూ పోయాడు, ఎదిరించినవాళ్ళూ పోయారు. ఆ తర్వాత 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చి పోడుకి కూడా అడ్డు తగిలింది.

మరి మనం ఇంత హాయిగా కార్లో పోతున్నామే, ఈ రోడ్ల సంగతి? ఈ కొండల వరసకే తూర్పున గూడెం సీమ వుంది. అక్కడ డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయిస్తూ, కొండజనం చేత చాలీచాలని కూలికి రాళ్ళు కొట్టించాడు. ఆ కడుపుమంట కూడా సీతారామరాజు వెనక జనం నడవడానికి ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం వంతు. ముందుగా కబురంపి మరీ వచ్చేవాడని చెప్పుకుంటారు. దానికే మిరపకాయ టపా అని పేరు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు.

"రోడ్డు వేసినవాడికి నడిచే హక్కు వుండదు, నడిచేవాడికి వేసినవాడు గుర్తుండడు" అన్నారు మావారు. ఆయన అప్పుడప్పుడు ఇలాంటి మాటలు అంటారు. అన్నాక వెంటనే కాఫీ అడుగుతారు.

మారేడుమిల్లి దగ్గర ఆగాం. వెదురుబొంగులో మాంసం కూరి నిప్పుల మీద కాలుస్తున్నారు. నూనె చుక్క వెయ్యరట. మాకు పనికిరాదు గనక పులిహోర పొట్లాలు విప్పాం. రోడ్డు పక్కన కొండచీపుళ్ళూ, చింతపండూ పెట్టుకుని కూచున్న ఒకామెతో అత్తయ్యగారు మాట కలిపారు. నాకప్పుడు తట్టింది. మన ఇంట్లో పొద్దున్న లేచి చిమ్మే చీపురు, తలంటుకి శీకాయ, చారులో చింతపండు, పెళ్ళిళ్ళలో అడ్డాకుల విస్తరి అన్నీ ఈ కొండల్లోంచి దిగివచ్చినవే. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది దళారుల బెడద తగ్గించడానికే. అయినా చీపురు బేరమాడకుండా కొన్నవాళ్ళం మనలో ఎంతమంది? ఆ రోజు మాత్రం నేను ఆడలేదు. నన్ను చూసి మావారు ఆశ్చర్యపోయారు.

ఘాట్ దిగి చింతూరు, అక్కణ్ణుంచి కూనవరం. అక్కడ శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఒడిశాలో దాన్ని కోలాబ్ అంటారు. దారిలో సీలేరుని కలుపుకుని వస్తుంది. సంగమం దగ్గర రెండు నీళ్ళ రంగులూ వేరువేరుగా కాసేపు పక్కపక్కన నడుస్తాయి, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలూ అత్తగారూలాగా. ఈ పోలిక నాది కాదు, అత్తయ్యగారిది. "తర్వాత ఏది ఏదో తెలియదు" అని కూడా అన్నారు.

ఈ సీమకి ఇంటిపేరు ఎన్నిసార్లు మారిందో వింటే మన ఆడపుట్టుకలు నయమనిపిస్తుంది. ముందు నైజాముది. 1860లో గోదావరి ఎడమ గట్టు ఇంగ్లీషువాళ్ళకి వచ్చింది. కుడి గట్టు నైజాములోనే వుండిపోయింది. గోదావరి దాటితే వేరే రాజ్యమన్నమాట. ఎడమ గట్టుని మధ్య పరగణాల్లో కలిపారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల్ని మద్రాసులోని గోదావరి జిల్లాకి ఇచ్చారు. 1959లో ఖమ్మం జిల్లాకి పంపారు. 2014లో రాష్ట్రం రెండయ్యాక కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మండలాలు మళ్ళీ తూర్పుగోదావరికి వచ్చాయి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ఇన్ని మార్పుల్లో ఒక్కసారైనా "నీకిష్టమేనా?" అని ఆ వూళ్ళని అడిగినవాళ్ళు తక్కువ.

వరరామచంద్రాపురం మీదుగా పోచవరం చేరేసరికి ఎండ వాలింది. అక్కడ రోడ్డు ఆగిపోతుంది. ఎదురుగా గోదావరి. రాజమండ్రి దగ్గర మైళ్ళ వెడల్పున పరుచుకునే తల్లి, ఇక్కడ రెండు చేతులూ దగ్గరికి ముడుచుకుని కొండల మధ్యలోకి దూరుతుంది. నీలంగా ఒక కొండ, దాని వెనక ఇంకాస్త నీలంగా మరొకటి. చప్పుడు లేదు. మేం ముగ్గురం కాసేపు మాట్లాడుకోలేదు.

ఈ కొండల్లో కొండరెడ్లు వుంటారు. పోడు చేసుకుంటారు, వెదురుతో ఇంటికి కావలసినవన్నీ అల్లుకుంటారు. 1940ల మొదట్లో హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు వీళ్ళ మధ్య తిరిగాడు. వియన్నా మనిషి. యుద్ధం వచ్చేసరికి జర్మన్ పాస్‌పోర్టు వున్న పాపానికి హైదరాబాదు సంస్థానం దాటి పోవడానికి వీల్లేకపోయింది. మనలాంటివాళ్ళమైతే గదిలో కూచుని ఏడ్చేవాళ్ళం. ఆయన గుడారాలు కట్టుకుని అడవిలోకి నడిచాడు. బైసన్ కొండల రెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో అచ్చయింది. కలపా, వెదురూ కొట్టించే కాంట్రాక్టర్ల చేతుల్లో వీళ్ళు ఎంత చితికిపోయారో అందులో చెప్పాడు. ఆయన భార్య బెట్టీ కూడా ఆయన వెంట ఆ గుడారాల్లోనే కాపురం చేసింది. 1987లో ఆవిడ పోతే ఆదిలాబాదు వైపు మార్లవాయిలో సమాధి కట్టారు. ఆయనది ఎంత శ్రమో ఆవిడదీ అంత శ్రమే. 

అవతలి గట్టున, కొండల లోపల పేరంటపల్లి. అక్కడ బాలానంద స్వామి నెలకొల్పిన శ్రీరామకృష్ణ మునివాటం వుంది. "భద్రాచలం పోయేటప్పుడు మా అమ్మ అక్కడ దిగి సెలయేటి నీళ్ళు పట్టేది" అన్నారు అత్తయ్యగారు. 1965లో భద్రాచలం వంతెన తెరిచేదాకా రాముడి పెళ్ళికి మన వైపు వాళ్ళకి గోదావరే దారి. మూటలు, ముసలివాళ్ళు, చంటిపిల్లలు, తలంబ్రాల బియ్యం అన్నీ లాంచీలోనే. "ఇసక మీద వంట, వెన్నెట్లో భోజనం. ఆ చారు రుచి మళ్ళీ నాకు రాలేదు" అన్నారు. నలభై ఏళ్ళుగా నా చారు తింటున్నారు. నేనేమీ అనుకోలేదు.

మర్నాడు అసలు పని. ఆ రాత్రి చింతూరులో పడుకుని, పొద్దున్నే వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. గోకవరం దగ్గర్నుంచి దేవీపట్నం వైపు మళ్ళాం.

ఒకచోట రోడ్డు నీళ్ళలోకి దిగిపోయింది. అంతే. కరెంటు స్తంభాలు మాత్రం నీళ్ళలో వరసగా కాస్త దూరం నడిచి ఆగాయి.

దిగువన పోలవరం ప్రాజెక్టు కడుతున్నారని మీకు తెలుసు. దాని ఆలోచన 1940ల నాటిది, పనులు 2004 తర్వాత వూపందుకున్నాయి. నిండితే నీటిమట్టం 150 అడుగులు. లక్ష కుటుంబాలకు పైగా ముంపులోకి వస్తాయి. నది మధ్య కాఫర్ డ్యాం లేచాక, వరదలొచ్చినప్పుడల్లా నీళ్ళు వెనక్కి తన్ని, దేవీపట్నం చుట్టుపక్కల వూళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ప్రాజెక్టు వల్ల ఎన్నో ఎకరాలు పండుతాయి, కరెంటు వస్తుంది, దూరపు వూళ్ళకి తాగునీళ్ళొస్తాయి. నేను కాదనను. కాటన్ దొర నీళ్ళు తాగి పెరిగిన ఇంటి కోడల్ని, కాదనే నోరు నాకెక్కడిది? కానీ మా పొలానికి నీళ్ళొచ్చిననాడు ఎవరి వూరు మునిగిందో మేం ఎప్పుడూ అడగలేదు. ఆ మాట మాత్రం అక్కడ నిలబడ్డాక తట్టింది.

అత్తయ్యగారు కారు దిగి, నీటి అంచుదాకా నడిచారు. వేలు చూపిస్తూ, "అదిగో, అక్కడ బడి. దాని పక్కన మా పెరడు. అరటిబోదెలు. 1953 వరదలో మేమంతా ఆ కొండ మీదికి ఎక్కాం. మా నాన్న బడి రిజిస్టర్లు నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. వారానికి గోదారి దిగింది. ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. ఆ ఏడు పెరట్లో వంకాయలు ఎంతెంత కాశాయనుకున్నావ్!" అన్నారు.

నాకు నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఆవిడకి అన్నీ కనిపిస్తున్నాయి.

తిరుగు దారిలో నిర్వాసితుల కాలనీలో ఆగాం. ఒకే కొలతలో కట్టిన ఇళ్ళు, తిన్నని వీధులు. అత్తయ్యగారి చిన్ననాటి స్నేహితురాలి కూతురు అక్కడ వుంటోంది. ఆవిడకీ అరవై దాటాయి. కాళ్ళకి నీళ్ళిచ్చి, చాప వేసింది.

"ఇల్లు బాగానే వుందమ్మా" అంది అత్తయ్యగారు.

"బాగానే వుంది పిన్నిగారూ. కురవదు. లైటుంది, కుళాయుంది. కానీ పుల్ల దగ్గర్నుంచి కొనుక్కోవాలి. అక్కడ అడవికెళితే ఆకో కాయో దొరికేది. గోదారికెళితే చేప దొరికేది" అంది. కాస్త ఆగి, "పడుకుంటే చెవుల్లో ఏమీ వినపడదండి. అదే నిద్ర పట్టనివ్వదు" అంది.

లేచేటప్పుడు ఆవిడ అత్తయ్యగారికి బొట్టు పెట్టి, చేతిలో ఒక చిన్న పొట్లం పెట్టింది. ఖాళీ చేసి వచ్చేటప్పుడు పాత పెరట్లోంచి తెచ్చుకున్న కనకాంబరం మొక్కల విత్తనాలట.

కార్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. గోకవరం దాటాక మావారు మెల్లిగా, "అమ్మా, రాకుండా వుండాల్సింది కదూ?" అన్నారు.

"ఎందుకురా? చావుబతుకుల్లో వున్న మనిషిని చూడ్డానికి వెళ్ళమూ?" అన్నారావిడ. "యాభైమూడులో వచ్చిన గోదారి చుట్టంరా. నాలుగు రోజులుండి, పోతూ పోతూ ఒండ్రు ఇచ్చిపోయింది. ఇప్పుడొచ్చింది ఇల్లరికం. ఇక పోదు."

ఇంటికొచ్చాక ఆ విత్తనాలు మా పెరట్లో చల్లాం. మొలకలొచ్చాయి. రోజూ పొద్దున్నే ఆవిడే నీళ్ళు పోస్తారు. నన్ను ముట్టుకోనివ్వరు. మొన్న తల దువ్వుతుంటే పాపిడి మళ్ళీ వంకర పోయింది. దువ్వెన లాక్కుంటారని చెయ్యి వెనక్కి తీశాను.

"వుండనియ్యవే, గోదారి అక్కడ కాస్త వంకరగానే వుండేది" అన్నారు.